సులోచనక్క చదివిన ఆఖరి అధ్యాయం

పక్కింటి అరుగు మీద నీళ్లు చల్లి పెట్టిన బీడీల తునికాకు వాసన ముక్కుకు తగిలితే చాలు, ఈ వయసులో కూడా నాకు ఒళ్లు మండుతుంది. ఆ వాసనకు అందరికీ పాత రోజులు గుర్తొస్తాయట. నాకు మాత్రం ఒక పుస్తకం గుర్తొస్తుంది. దాన్ని రాసిన పెద్దమనిషి పేరు తెలియదు గానీ, తెలిస్తే ఇక్కడే కడిగేసేదాన్ని.

ఆ పుస్తకం సులోచనక్కది. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ పక్క వాడలో పెరిగి, ఏడో తరగతి దాకా చదువుకొని, మొగుడు పోయాక నిజామాబాద్ వచ్చి మాతోపాటు బీడీలు చుట్టేది. కంఠేశ్వర్ దగ్గర ఒక రేకుల షెడ్డు మా కార్ఖానా. నేను కొత్తగా కాపురానికి వచ్చిన దాన్ని, అక్షరం ముక్క రాదు. మధ్యాహ్నం అక్క పుస్తకం తీస్తే మా చేతులు వాటంతటవే చుట్టేవి. చదువుతూ ఆమె చుట్టలేదు కదా, అందుకని తలా ఒక కట్ట ఆమె చాటలో వేసేవాళ్లం. ఎవరో పెట్టిన పద్ధతి కాదు, అలా సాగిపోయింది.

ఆ ఏడు ఆమె అంగట్లో పాత కాగితాల కుప్పలోంచి ఒక లావు పుస్తకం తెచ్చింది. అట్ట లేదు, మొదటి పేజీలు లేవు. ఆకాశంలో ఎక్కడో చీకటి గ్రహం, దాని రాజు ఒక్కొక్క సూర్యుణ్ణే ఆర్పేస్తుంటాడు. వాడి నక్షత్ర రథం నడవాలంటే నిప్పురాళ్లు కావాలి. వాటిని మోయడానికి లక్షల మంది కూలీలు. వెలుగు లోకం నుంచి ఒక వీరుడు కిరణాస్త్రం పట్టుకొని వాడి మీదికి బయలుదేరుతాడు. మా షెడ్డులో పెద్దది పోశవ్వ, వీరుడి సంగతి అసలు పట్టించుకోలేదు. రోజూ ఒకటే అడిగేది: "మరి గా మోసెటోళ్లు ఏమైతరే?"

"గా రాజు మన మున్షీ లెక్కనే ఉన్నడు," అని ఎవరో అంటే నవ్వుకునేవాళ్లం. అబద్ధమా? మేం చుట్టిన వాటిలో బాగాలేవని కూలి కట్టకుండా ఏరేసిన బీడీలను, మా పని లెక్క చూసే ఆ మున్షీ పారేసేవాడు కాదు, తన సంచిలోకే తోసుకునేవాడు. అడిగితే తిట్లు. థూ, అదీ ఒక బతుకేనా!

పుస్తకం ఆఖరికి వచ్చిన రోజు వాడు లోపలికి వచ్చి నిలబడ్డాడు. "ఓ సులోచనా! గిది కార్ఖానానా, బడా? రేపటి సంది నువ్వు రాకు."

అక్క ముఖం పాలిపోయింది. ఆ పని పోతే ఇద్దరు పిల్లలకు పెట్టడానికి ఆమెకు ఇంకో దారి లేదు. అయినా పుస్తకం మూయలేదు. "రెండు పేజీలే ఉన్నయి సాబ్. సదివేసి లేస్త."

"జల్ది కానియ్యి," అన్నాడు. వాడికీ ముగింపు కావాలి మరి! పది రోజులుగా తలుపు అవతల నిలబడి వింటున్నాడని మాకు తెలియదా?

అక్క పేజీ తిప్పి చదివింది: "మోయువారందరూ తమ బరువులను నేలకు దించిరి. చీకటిరాజు గర్జించెను. ఎవ్వరునూ కదలలేదు. నిప్పురాళ్లు లేక రథము లేవలేదు. అది చూచి వీరుడు తన అస్త్రమును దించెను."

పుస్తకం మూసింది. అప్పుడు పోశవ్వ ఒళ్లోంచి చాట తీసి కింద పెట్టింది. నేనూ పెట్టాను. క్షణంలో షెడ్డంతా చాటలు నేల మీదున్నాయి.

"ఏమైందే మీకు?" అన్నాడు మున్షీ.

"సులోచన రాకుంటే మేం గూడ రాం," అంది పోశవ్వ.

"మీరు గాకుంటే ఇంకోలు దొరకరా?" అని ఎగిరాడు, బూతులు తిట్టాడు. సాయంత్రానికి సరుకు లారీ ఎక్కాలి, ఎవరి చేయీ కదలదు. చివరికి పళ్లు నూరుతూ, "సదువుకోండ్రి, సావుండ్రి," అని పోయాడు. అక్క పని నిలబడింది.

ఆ తర్వాత ఆమే నాకు చదువు చెప్పింది. చాటలో తంబాకు పొడి పరిచి, నా వేలు పట్టుకొని దిద్దించింది. తుమ్ముకుంటూ నేర్చుకున్నాను. రెండేళ్లకు కూడబలుక్కొని చదవడం వచ్చాక మొదట అడిగింది ఆ పుస్తకాన్నే. ఇవ్వడానికి అక్క ఎందుకు నసిగిందో ఆఖరి పేజీలో తెలిసింది. అందులో ఎవరూ బరువు దించలేదు. వీరుడు కిరణాస్త్రం వేశాడు. రాజుతో పాటు మోసేవాళ్లంతా భస్మమైపోయారు. పైనుంచి దేవతలు పూలు చల్లారు. పూలట, పూలు! ఎంత కండకావరం ఉంటే ఆ మాట రాయగలడు మనిషి!

ముందు అక్క మీదికే పోయాను. "అబద్ధం సదివినవా అక్కా? మమ్మల్ని గింత మోసం జేస్తవా?"

ఆమె ఆకు మీద నీళ్లు చల్లుతూనే ఉంది. "మున్షీ నెత్తి మీద నిలబడ్డడు. పోశవ్వ నా నోట్లకే సూస్తున్నది. మీరంత బూడిదైండ్రని ఎట్ల సదవాల్నే?"

"మంచోడు గెలిచిండు గద?"

"మోసెటోళ్లను కాల్చి గెలిచిండు. గాడు మంచోడెట్లయితడు?"

ఆ రోజు నుంచి ఎవరైనా మంచి గెలిచిందని చెబితే, కింద ఎవరు కాలిపోయారో అడగందే నాకు నిద్రపట్టదు.

అక్క పోయింది. పుస్తకం నా దగ్గరే ఉంది. నిన్న పక్కింటి అరుగు మీద బీడీలు చుట్టే ఆడపిల్లలకు చదివి వినిపించాను. ఆఖరి పేజీకి వచ్చేసరికి ఒక పిల్ల చేతులు ఆగిపోయాయి. "మరి గా మోసెటోళ్లు ఏమైండ్రు అవ్వా?"

కళ్ల ముందు పేజీలో వాళ్లు ఇంకా కాలుతూనే ఉన్నారు.

"బరువు దించిండ్రు బిడ్డా," అన్నాను.