మిగతా సగం పక్కింట్లో

సగం బాబాయికి ఓపిక లేదనీ, బుర్రలో ఏదీ నిలవదనీ ఈమధ్య మళ్ళీ ఎవరో మొదలెట్టారట. శుద్ధ తప్పు. కొత్తగా అద్దెకొచ్చినవాళ్ళు అన్నారంటే పోనీలే అనుకోవచ్చు. వీధిలో పుట్టి పెరిగినవాళ్ళు కూడా తలూపితే ఎలాగండీ?

ఆయన అలవాటు మాత్రం నిజమే, దాచేదేం లేదు. ఫోన్లో ఏ వీడియో చూసినా సగంలో ఆపేస్తాడు. వంటైనా అంతే, వడ్రంగమైనా అంతే. సగం చూస్తాడు, సగం చేస్తాడు, దానికో ఫొటో తీసి మా వీధి గ్రూపులో పెడతాడు. కింద ఎప్పుడూ ఒకటే మాట: "ఇక్కడిదాకా వచ్చింది. తర్వాతేంటో చూసి చెప్పండి."

చేసిన ఉద్యోగం చూస్తేనా, బస్సు డ్రైవరు. టైరు పేలినా, వాన దంచికొట్టినా, ఆఖరి స్టాపులో ఆఖరి ముసలమ్మ దిగేదాకా స్టీరింగు వదిలిన పాపాన పోలేదు. అలాంటివాడు రిటైరయ్యి, పట్టుకున్న ప్రతి పనినీ నడిరోడ్డు మీద వదిలేస్తుంటే పిన్నికి ఒళ్ళు మండదూ?

అప్పట్లో ఆ ఫోన్లు మాకు కొత్త. పొద్దున లేస్తే అందరం అందరికీ పువ్వుల బొమ్మలు పంపుకోవడమే. ఎవరికైనా కొత్త వీడియో దొరికిందంటే నలుగురం ఆ ఒక్క ఫోను చుట్టూ మూగేవాళ్ళం. ఎంత బాగుండేదో!

ఆ రోజుల్లోనే బాబాయి కేకు నేర్చుకున్నాడు. పిండి, గుడ్లు, చక్కెర గిలక్కొట్టడం దాకా చూసి ఆపేశాడు. వియ్యంకుడు వచ్చి కూర్చుంటే గిన్నె తెచ్చి ముందు పెట్టి, చేతికో చెంచా ఇచ్చాడు.

"ఇదేంటి బావగారూ, పచ్చిగా ఉంది?"

"కాల్చే సంగతి రెండో సగంలో ఉంది బావగారూ. నేనింకా అక్కడిదాకా రాలేదు."

పిన్నికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. వంటింట్లోకి పోయి, తలుపు వెనక నిలబడి కడుపుబ్బా నవ్వుకుంది. అది కూడా చెప్పాలిగా.

తర్వాత స్టూలు. రెండు కాళ్ళు కొట్టి, గోడకి ఆనించి, "కూర్చోవే" అన్నాడు.

"ఇది స్టూలా, నిచ్చెనా? మిగతా రెండు కాళ్ళూ ఎలా కొట్టాలో చూస్తే మీ కళ్ళు పోతాయా?"

"నాకు ఇంతవరకే పట్టుబడిందే."

"మీకు పట్టుబడకపోతే పోయె, వీధంతా నవ్వుతోందండీ!"

"నవ్వనీవే. ఊరికే వస్తుందా నవ్వు?"

ఇక పక్కింటి టైలరు సంగతి చెప్పాలి. బాబాయికి చిన్ననాటి స్నేహితుడు. మా వీధి పెళ్ళిబట్టలు చాలావరకు ఆ చేతి మీదుగా వచ్చినవే. రెడీమేడ్ షాపులు వచ్చాక ఆయన మెషీను చప్పుడు తగ్గుతూ తగ్గుతూ ఓ రోజు ఆగిపోయింది. షట్టరు దించేసి ఇంట్లో కూర్చున్నాడు. కొలతల టేపు మాత్రం మెళ్ళోంచి తియ్యలేదు. భార్య ఎప్పుడో పోయింది. కూతురు కొనిచ్చిన ఫోను బల్లమీద బోర్లా పడి ఉండేది. ఎవరు పిలిచినా, "ఇక నాతో ఎవరికేం పనిలే" అని తలుపేసుకునేవాడు. పిన్ని పంపిన అన్నం గిన్నె సగం తిరిగొచ్చేది.

"ఇలాగే ఉంటే ఆ మనిషి మనకి దక్కడండీ" అంది పిన్ని ఓ రోజు. బాబాయి ఆ గిన్నె కడిగి బోర్లించాడు.

ఫోను చేతికొచ్చాక, ఏది సగం చేసినా ముందు టైలరు కిటికీ దగ్గరికే పోయేవాడు.

"ఒరేయ్, మిగతా సగం చూసి చెప్పరా."

"నీకు కళ్ళు లేవూ?"

"ఉన్నాయి. ఫోనే సగానికల్లా వేడెక్కిపోతోంది."

"చల్లారాక చూసుకో."

"ఇది చల్లారేలోపు మొదటి సగం మర్చిపోతున్నానురా."

కిటికీ తలుపు దభీమని పడేది. బాబాయి నవ్వుకుంటూ వచ్చేసేవాడు.

ఓ రోజు ఈత నేర్చుకుంటానని వీధి చివర ఈతకొలనుకి పోయాడు. గంటలో, అక్కడెవరిచేతో తీయించిన ఫొటో గ్రూపులోకి వచ్చింది. నిచ్చెన పట్టుకుని, పీకలదాకా నీళ్ళలో బాబాయి. కింద మాట: "దిగాను. పైకి రావడం రెండో సగంలో ఉంది."

ఇక చూడండి, అందరూ తలో మాటా పంపారు. టైలరు బల్లమీద ఫోను తుమ్మెదలా ఒకటే గుయ్యిమంటుంటే, విసుగొచ్చి తిరగేసి చూశాడు. అంతే! చెప్పులైనా వేసుకోకుండా, ఆ ఫోనుతోనే వీధిలో పడ్డాడు. అరుగుల మీద కూర్చున్నవాళ్ళు లేచి నిలబడ్డారు. ఎన్నాళ్ళకి గడప దాటాడు ఆ మనిషి!

"నిచ్చెన వదలకురా! వస్తున్నా!"

తీరా చూస్తే బాబాయి నీళ్ళలో గొంతుక్కూర్చుని ఉన్నాడు. టైలరు మెళ్ళో టేపు తీసి నీళ్ళలోకి వదిలి కొలిచాడు.

"నడుం దాకా కూడా లేవు కదరా వెధవా!"

"అవునా? లోతు సంగతి నేనింకా చూడలేదురా."

టైలరు తిట్టాల్సినవన్నీ తిట్టి, గట్టు మీద కూలబడి, రెండో సగం తనే పెట్టి చూశాడు. "ఊపిరి బిగబట్టు. కాళ్ళు కొట్టు. గేదెలా కాదు, కప్పలా!" అని అరుస్తూ అరుస్తూ చివరికి తనూ దిగాడు. ఇద్దరికీ ఈత రాలేదుగానీ, ఇద్దరూ తడిసి ముద్దయి ఇంటికొచ్చారు. ఆ రాత్రి అన్నం గిన్నె ఖాళీగా తిరిగొచ్చింది.

అక్కణ్ణుంచి రెండో సగమంతా టైలరుదే. కళ్ళద్దాలు పెట్టుకుని, వెనక్కీ ముందుకీ తిప్పి చూసి, తన గొంతుతోనే చెప్పి గ్రూపులో పెట్టేవాడు. స్టూలు నిలబడింది. కేకు ఉడికింది, అడుగంటిందనుకోండి. ఆసుపత్రి నర్సమ్మ అల్లిక నేర్చుకుంటానని వచ్చింది, పేపరాయన కుట్టు నేర్చుకుంటానని వచ్చాడు. వచ్చినవాళ్ళు తమకి తెలిసింది ఇంకోళ్ళకి చెప్పేవాళ్ళు. టైలరు కాజాలు కుట్టే వీడియో పెడితే, ముక్కూమొహం తెలీనివాళ్ళు ఎక్కణ్ణుంచో సందేహాలు అడిగేవాళ్ళు. దించిన షట్టరు లేచింది.

బాబాయి మాత్రం ఏం మారలేదు. చలికాలానికి స్వెట్టరు అల్లాడు. ఒకటే చెయ్యి.

దుప్పటికోసం పిన్ని మంచం కింద పెట్టె లాగింది. అందులో ఉంది రెండో చెయ్యి! కుదురుగా అల్లి, మడతపెట్టి. దాని కింద నున్నగా చిత్రికపట్టిన రెండు స్టూలు కాళ్ళు. ఆ పక్కన అడుగు మాడిన కేకు గిన్నె. తను అక్కగారింటికి వెళ్ళినప్పుడు కాల్చినట్టున్నాడు. పిన్ని నేలమీదే కూర్చుండిపోయింది. "ఆ మనిషి మనకి దక్కడండీ" అని తనన్న మర్నాడే కదూ, ఈయన ఫోను కొన్నది!

ఆ చెయ్యి సంచిలో దాచుకుని పక్కింటికి పోయింది. టైలరు ఒంటిచేతి స్వెట్టరు ఒళ్ళో పెట్టుకుని రెండోది అల్లుతున్నాడు. ఆమె నోరు తెరవకముందే అడిగాడు:

"ఏం చెల్లెమ్మా, రెండో చెయ్యి దొరికిందా?"

"అయ్యో! మీకు తెలుసా అన్నయ్యా?"

"ఇన్నేళ్ళు బట్ట చూసిన కళ్ళమ్మా ఇవి. చెయ్యి అతికించి విప్పిన చోటు ఆ మాత్రం కనిపెట్టలేనా?"

"మరి అడగరేం?"

"ఏమడగను? వచ్చింది రానట్టు ఉండడానికి పాపం వాడెంత కష్టపడుతున్నాడో చూస్తున్నావుగా. నేను నేర్పకపోతే ఏం బాగుంటుంది?"

పిన్ని ఇంటికొచ్చి ఆ చెయ్యిని మళ్ళీ పెట్టెలో పెట్టేసింది. ఇప్పటికీ అందులోనే ఉంది. సాయంత్రం బాబాయి పక్కన చేరి, "ఏమండీ, వీడియో ఎలా పెడతారో నాకూ చెప్పండి. సగమే చెప్పండి" అంది.

"మిగతా సగమో?"

"పక్కింట్లో అడుగుతాలెండి."

బాబాయి ఆమె మొహంలోకి ఓసారి చూసి, గబుక్కున కళ్ళద్దాలు తుడుచుకోవడం మొదలెట్టాడు.

ఇప్పుడు బాబాయికీ టైలరుకీ మోకాళ్ళు పట్టేశాయి. గ్రూపులో మళ్ళీ పువ్వుల బొమ్మలే మిగిలాయి. మీరు అటువైపు వెళ్తే ఓసారి బాబాయి తలుపు తట్టి, ఎలా ఉన్నాడో చూసి రండి. ఏదో ఒకటి చెప్పమని అడగండి. మీకు అది వచ్చినా సరే, రాదనే చెప్పండి. సగం చెప్పి ఆపేస్తాడు. కోప్పడకుండా పక్కింటికి వెళ్ళండి. అక్కడాయన తలుపు తీసే ఉంచుతాడు.