గేటు బయట ఫ్రీజర్ బాక్సు

"టీచరుగారూ, మా ఆయన్ని ఇంటికి తీసుకురావచ్చా అండి?"

ఫోనులో ఆ అమ్మాయి నోట వచ్చిన మొదటి మాట ఇది. మొగుడు పోయాడని కూడా చెప్పలేదు, ముందు అనుమతి అడిగింది. మా నిడదవోలు ఇంట్లో మేడమీద వాటాలో మూడేళ్ళుగా అద్దెకుంటున్నారు మొగుడూ పెళ్ళామూ. అతను లారీ డ్రైవరు. కాకినాడ నుంచి ఎరువుల లోడు తెచ్చి ఈ చుట్టుపక్కల దింపుతాడు. ముందురోజు సాయంత్రం అక్కడే లోడెక్కిస్తుంటే గుండె పట్టుకుని కూలబడ్డాడని కబురొస్తే ఈ అమ్మాయి ఉన్నపళంగా బస్సెక్కింది. తెల్లారేసరికి ఆసుపత్రిలో ప్రాణం పోయింది. నలభై ఏళ్ళు కూడా లేవు మనిషికి.

"తీసుకురా అమ్మా, అదేం అడగడం!" అన్నాను. ఫోను పెట్టి ఇటు తిరిగేసరికి మా ఆయన నా వెనకే నిలబడి ఉన్నారు. బజార్లో మాకు తాతలనాటి కిరాణా కొట్టుంది. అక్కడికి బయల్దేరుతున్న మనిషి, చెప్పులు కూడా వేసుకున్నారు.

"ఎవర్నడిగి చెప్పావు?" అన్నారు.

"అడగడానికేముంది? వాళ్ళింటికి వాళ్ళు వస్తున్నారు."

"వాళ్ళిల్లు కాదు. మనిల్లు."

ఈ గొడవ తెలియని వాళ్ళెవరన్నా ఉంటే వాళ్ళు అదృష్టవంతులు. మనిషి పోయిన నక్షత్రం మంచిది కాకపోతే ఇల్లు పాడుపెట్టాలంటారు. అంటే నెలల తరబడి తాళం వేసి వేరే చోటికి పోవాలి. సొంతిల్లయితే ఎవరి తిప్పలు వాళ్ళు పడతారు. అద్దెకున్నవాడు పోతే మాత్రం శవాన్ని గుమ్మం దాకా రానివ్వరు. ఆసుపత్రి నుంచి అటే శ్మశానం దగ్గర షెడ్డుకి పట్టుకుపోవాలి. అందుకే ఇల్లు చూడ్డానికొచ్చినవాళ్ళని అద్దె సంగతి కన్నా ముందు అడిగేది ఒకటే, "ముసలాళ్ళెవరూ లేరు కదా?" అని. వీళ్ళిద్దర్నీ మా అత్తగారు అలాగే అడిగారు. ఎవరూ లేరండి, ఊళ్ళో ఇల్లు కూడా పడిపోయిందండి, మేమిద్దరమే అన్నారు. వయసులో ఉన్నవాళ్ళు కదా, ఏ బెంగా లేదని వాటా ఇచ్చారు. దేవుడికి కూడా కొంటెతనం ఎక్కువే.

మా అత్తగారికి ఎనభై దాటాయి. పూజగదిలోంచి వచ్చి సంగతి విని, "అయ్యో నా తండ్రీ!" అని గోడ పట్టుకుని కూలబడిపోయారు. ఆవిడకి అతనంటే ఇష్టం. కడియం మీదుగా వచ్చినప్పుడల్లా నర్సరీలో ఏదో ఒక మొక్క కొని తెచ్చేవాడు. ఆవిడ రోజూ దేవుడికి పెట్టే నందివర్ధనాలు అతను నాటిన చెట్టువే. కాసేపు ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, "పంతులుగారికి ఫోన్ చెయ్యరా" అన్నారు కొడుకుతో.

పంతులుగారు పంచాంగం చూసి చెప్పారు. ధనిష్ఠ. శవం గడప లోపలికి వస్తే ఆరు నెలలు పాడుపెట్టాలి, ఇంట్లో పెద్ద తలకి గండం. ఫోను స్పీకర్లో ఉండటంతో అందరం విన్నాం. మా ఆయన మొహం పాలిపోయింది. పెద్ద తల అంటే ఎవరో వేరే చెప్పక్కర్లేదు.

నా నోరు ఊరుకోదు. "పోయింది కాకినాడలో కదండీ పంతులుగారూ? నెలనెలా ధనిష్ఠ వస్తూనే ఉంటుంది, ఎవరో ఒకరు పోతూనే ఉంటారు. ఆ లెక్కన దేశంలో ఆసుపత్రులన్నిటికీ తాళాలే ఉండాలి మరి" అన్నాను. "ఇల్లు వేరు, ఆసుపత్రి వేరమ్మా" అన్నారాయన, పాపం, ఓపిగ్గానే.

మా ఆయన ఫోను కట్ చేశారు. "నీకిది ఆటగా ఉంది. నీకు నమ్మకం లేదు కాబట్టి నీకు పోయేదేం లేదు. రేపు మా అమ్మకేమన్నా అయితే? మీ అమ్మయితే ఇలాగే మాట్లాడతావా?"

హైస్కూల్లో ఫిజిక్సు చెబుతాను నేను. నక్షత్రం మనిషిని చంపదని నాకు తెలుసు. వేసవి సెలవులకి ముందే మా స్కూల్లో వక్తృత్వపు పోటీ పెట్టారు, నీతి మతంలోంచి పుడుతుందా, విజ్ఞానంలోంచా, సమాజంలోంచా అని. విజ్ఞానమే అని బల్ల గుద్ది చెప్పిన పిల్లకి ఫస్టు ప్రైజిచ్చింది నేనే. ఇప్పుడు మా వరండాలో నిలబడి చూసుకుంటే, ధనిష్ఠకి బలం లేదని నా సైన్సు చెబుతోంది, బాగానే ఉంది. ఆ తరవాత ఏం చెయ్యాలో మాత్రం చెప్పడం లేదు. తెస్తే ముసలావిడ ఆరు నెలలపాటు చావుని తలుచుకుంటూ బతకాలి. తేవద్దంటే ఆ అమ్మాయి మొగుణ్ణి పెట్టుకుని ఎక్కడికి పోవాలి? కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం.

ఈలోగా పక్కింటాయన వచ్చారు. రిటైరైన ఆఫీసరు, వీధికంతటికీ పెద్ద. "విన్నానండి, పాపం" అని కూర్చుని, "మన వీధిలో ఇన్నేళ్ళలో అద్దెవాళ్ళ శవం రాలేదండి. షెడ్డు శుభ్రంగా ఉంది. నీళ్ళున్నాయి, ఫ్యాన్లున్నాయి. రేపు మీ మేడమీదకి ఇంకొకళ్ళు రావాలా వద్దా? మా వాటాలూ చూసుకోవాలి కదా" అన్నారు, ఎంతో మర్యాదగా.

నాకు ఒళ్ళు మండింది. "మీకూ ఫ్యాన్లున్న చోటే చూద్దాం లెండి, టైమొచ్చినప్పుడు" అన్నాను. ఆయన నొచ్చుకున్నారు. మా ఆయన చూసిన చూపుకి పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. "ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి" అని గొణిగి, వెళ్ళి గేటుకి తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకున్నారు.

మధ్యాహ్నం రోళ్ళు పగిలే ఎండలో అంబులెన్సు వచ్చి గేటు ముందు ఆగింది. వెనకే అతని తోటి డ్రైవర్లిద్దరు ట్రాలీ ఆటోలో ఫ్రీజర్ బాక్సు తెచ్చారు. "త్వరగా కానివ్వండి, ఇంకో కేసుంది" అంటున్నాడు అంబులెన్సు డ్రైవరు. ఆ అమ్మాయి దిగింది. ముందురోజు కట్టుకున్న చీరే ఒంటి మీద ఉంది. తాళం వైపు చూసింది, మా వైపు చూసింది. ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"లోపలికొద్దులెండి, నాకు తెలుసండి" అంది. "మా మరిది చెన్నై నుంచి వస్తున్నాడండి, సాయంత్రానికి దిగిపోతాడు. అందాకా గేటు బయటే పెట్టుకుంటామండి. ఒక్క ప్లగ్గు పాయింటు ఇప్పించండి, బాక్సుకి."

ఆ మాటతో మా వాళ్ళకి ప్రాణం లేచొచ్చింది. "ప్లగ్గుకేం, ఇస్తాం, తప్పకుండా ఇస్తాం" అంటూ మా ఆయన లోపలికి పరుగెత్తి బోర్డు తెచ్చారు. పొడుగు వైరు తమ ఇంట్లో ఉందని పక్కింటాయన తెప్పించారు. ఒకరు బల్ల ఇచ్చారు, ఒకరు మంచినీళ్ళ సీసా ఇచ్చారు. అంతసేపూ బిగుసుకుపోయి ఉన్నవాళ్ళు ఎంత సాయం చేశారో చెప్పలేను. మా గేటు ఊచల్లోంచి వైరు బయటికి వెళ్ళింది, గేటు తాళం మాత్రం అలాగే ఉంది.

బాక్సు అద్దం మీద ఎండ నిలువునా పడుతోంది. మోటారు గుర్రుమంటోంది. అతని మొహాన ఎండ పడకుండా ఆ అమ్మాయి తన పైట చెంగు అద్దం మీద చాచి పట్టుకుంది. గాలికి జారితే మళ్ళీ లాగి పట్టుకుంటోంది. స్కూటర్ల మీద పోయేవాళ్ళు వైరు దగ్గర నెమ్మదించి దాటి పోతున్నారు. "తాళంచెవి ఇవ్వండి" అన్నాను మా ఆయనతో. ఆయన కదల్లేదు. కళ్ళనిండా నీళ్ళున్నాయి, చెయ్యి మాత్రం జేబు మీదే ఉంది.

వరండా మెట్టు మీద కూర్చుని ఇదంతా చూస్తున్న మా అత్తగారు "పంతులుగారికి మళ్ళీ కలుపు" అన్నారు నాతో. కలిపి, స్పీకరు పెట్టి చేతికిచ్చాను.

"పంతులుగారూ, గుమ్మం ముందుకొచ్చిన శవాన్ని లోపలికి రానివ్వకపోతే ఏంటండీ దోషం?"

అవతల పంచాంగం కాగితాలు తిరగేసిన చప్పుడైంది. "అలాంటిది ఎక్కడా చదివినట్టు లేదమ్మా" అన్నారు.

"మరి దానికి ఏం శాంతి చేయించుకోవాలి?"

"అటువంటి దానికి శాంతి చేయించడం నేనెప్పుడూ చూళ్ళేదమ్మా."

"అదీ సంగతి. ధనిష్ఠయితే ఆరు నెలల్లో పోతుంది. దీనికి గడువు కూడా లేదన్నమాట" అని ఫోను నాకిచ్చేసి, మోకాళ్ళు పట్టుకుంటూ మెట్లు దిగారు. "తాళం ఇలా తేరా."

"అమ్మా, నీకేమన్నా అయితే..."

"అయితే అవుతుంది. ఎనభై ఏళ్ళు తిన్నాను, ఇంకెన్నేళ్ళు తినాలి? మనిషిని ఎండలో పెట్టి నువ్వు నాకు ఆయుష్షు పొయ్యక్కర్లేదు."

మా ఆయన ఇచ్చారు. ఆవిడ ఎంత ప్రయత్నించినా తాళంచెవి తాళంలో దూరడం లేదు. పెదాలు కదులుతున్నాయి, ఏదో స్తోత్రం చదువుకుంటున్నారు. ఆవిడ భయం అబద్ధం కాదు, కళ్ళారా చూశాను. "నేను తీస్తాను, ఇలా ఇవ్వండి అత్తయ్యగారూ" అన్నాను.

"నువ్వొద్దు. నీకు భయం లేదుగా" అన్నారు.

గేటు ఆవిడే తీశారు. "తీసుకురండి నాయనా, వరండాలో పెట్టండి, నీడగా ఉంటుంది" అన్నారు. ఆ అమ్మాయి అప్పుడు ఏడ్చింది. అప్పటిదాకా ఎలా ఆపుకుందో ఏమో, వీధి చివరిదాకా వినబడేలా ఏడ్చింది.

ఇంకో చోద్యం చెప్పాలి. శవం లేచేదాకా ఇరుగుపొరుగు పొయ్యి వెలిగించకూడదని ఇంకో ఆచారం ఉంది కదా. ఆ రోజు వీధిలో ఏ ఇంట్లోనూ కుక్కరు కూత వినబడలేదు. ఆ పక్కింటాయన షుగరు మనిషి, టైముకి తినకపోతే కళ్ళు తిరుగుతాయి. ఆయన కూడా పచ్చి మంచినీళ్ళతో మా వరండాలో కూర్చుని, సాయంత్రం పాడెకి భుజం పట్టారు. గేటు వెయ్యమన్న వీధీ అన్నం మానేసిన వీధీ ఒకటే. దీన్ని ఆ వక్తృత్వపు పోటీలో ఏ గడిలో వెయ్యాలో నాకు తెలియలేదు.

పదకొండో రోజు వెళ్ళాక, ఇల్లు పాడుపెట్టాల్సిందేనన్నారు మా అత్తగారు. "గేటు తీశాను కదా అని శాస్త్రం ఊరుకుంటుందా? పడాల్సింది పడాలి." ఈసారి నేను వాదించలేదు. "నావల్లే కదండీ" అంటూ మేడమీద అమ్మాయి కూడా సామాను మూటలు కట్టడం మొదలుపెట్టింది. ఎక్కడికి పోతుందో ఆ అమ్మాయికే తెలియదు.

మేం ముగ్గురం ఆటోలో ఇళ్ళు చూడ్డానికి బయల్దేరాం. మొదటి ఇంటావిడ మా కొట్టు పేరు వినగానే "అయ్యో మీరా!" అని మురిసిపోయి కాఫీ ఇచ్చింది, గదులన్నీ చూపించింది. ఆ తరవాత ఆటోలో కూర్చున్న మా అత్తగారు ఆవిడ కళ్ళబడ్డారు. "మామ్మగారు కూడా ఉంటారాండీ?" అంది. ఉంటారన్నాను. "ఏమీ అనుకోకండి, మా వారినడిగి చెబుతాను" అంది. రెండో ఇంట్లోనూ అంతే. మూడో ఇంటాయన మొహమాటం లేని మనిషి. "పెద్దవాళ్ళున్న వాళ్ళకి ఇవ్వమండి, మీకు తెలియందేముంది" అన్నాడు, ఆటో పక్కనే నిలబడి, ఆవిడ వింటుండగానే.

నేను నోరు తెరవబోతుంటే మా అత్తగారు నా చెయ్యి నొక్కి ఆపారు. "తప్పులేదు నాయనా, నేనూ అలాగే అడిగేదాన్ని" అని అతనితో అని, "ఇంటికి పోనీ బాబూ" అన్నారు ఆటో అతనితో.

"మరి ఆ ఆరు నెలల సంగతేంటమ్మా?" అన్నారు మా ఆయన.

"పోతే మన గుమ్మంలోనే పోతానురా. ఎవర్నీ అడగక్కర్లేదు."

ఇంటికొచ్చి, మేడమెట్ల కింద నిలబడి, "అమ్మాయ్, ఆ మూటలు విప్పెయ్. ఎవరం ఎక్కడికీ పోవట్లేదు" అని పైకి కేకేశారు.

ఇది శ్రావణం. ఆరు నెలలకి ఇంకా సగం ఉంది. పోయిన వారం నుంచి మా అత్తగారికి జ్వరం. డాక్టరు రక్తపరీక్ష చేయించి మందులిచ్చి, వయసు మీద పడింది కదండీ అన్నారు. మా ఆయన కొట్టు మానేసి మంచం పక్కనే కూర్చుంటున్నారు. నన్ను ఒక్క మాట అనలేదు, అనకపోవడమే నాకు భయంగా ఉంది. చెప్పాం కదా అని వీధిలో అప్పుడే ఒకరిద్దరు అనుకుంటున్నారట. ధనిష్ఠకి బలం లేదని వాదించిన నేను, వంటింట్లోకి వెళ్ళినప్పుడల్లా గోడ మీద క్యాలెండరు చూస్తున్నాను.

మేడమీద అమ్మాయి పొద్దున్నే దిగొచ్చి ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుంటోంది. నిన్న పాదాలు పడుతూ పడుతూ ఏడ్చేసింది. మా అత్తగారు కళ్ళు తెరిచారు.

"ఏడవకే పిచ్చిదానా. నేనిప్పుడు పోతే మాట నీ మీదకొస్తుంది. ఆ ఆరు నెలలూ వెళ్ళేదాకా పోనులే" అన్నారు.

జ్వరం ఇంకా తగ్గలేదు.