సందున్న తుపాకి

ఎంకపల్లి కమ్మరి రామచంద్రయ్య కంటికి లోకమంతా సందులే. తలుపు మూస్తే సందు, చెప్పు తొడిగితే సందు. పాత తుపాకులు బాగుచేసే లైసెన్సు ఉన్నా సరే, ఎలక్షన్లు వచ్చినప్పుడల్లా పోలీసులు ఆయన్ని తీసుకుపోయి పొద్దుగూకేదాకా ఠాణా బెంచీ మీద కూర్చోబెట్టేవాళ్లు. నేరం లేదు, కాగితం లేదు. ఆయన ఎదురు చెప్పింది లేదు. నోరు విప్పితే ఒక్కటే మాట: "సార్, మీ లాకప్ తలుపుకు సందున్నది. నా ఆకురాయి తెప్పియ్యిండ్రి, జర రాస్త."

పెళ్లిచూపుల్లో కూడా నీలమ్మ ముఖం కంటే ముందు వాళ్లింటి దర్వాజానే చూశాడు. "ముప్పై ఏండ్లాయె, నా దిక్కు గంత పానంబెట్టి ఎన్నడన్న సూసినవా?" అని ఆమె ఇప్పటికీ దెప్పుతుంది.

అవి గచ్చిబౌలిలో అద్దాల మేడలు లేస్తున్న రోజులు. వాటిలో కొలువు చేసేవాళ్లు ఆదివారం కార్లలో వచ్చి ఫాంహౌసులకు చెలక భూములు చూసిపోయేవారు. వాళ్లు అటు పోగానే ఇటు గట్టు మీద జానెడు నేలకు అన్నదమ్ములు కలబడేవారు. అట్లాంటి రోజున హన్మంతు తన తాత నాటి లైసెన్సు తుపాకి తెచ్చి కొలిమి ముందు దబ్బున పడేశాడు. గొట్టంలో మందు కూరి పేల్చే పాత సరుకు. మీట నొక్కితే పడి నిప్పు కొట్టే సుత్తి, అదే 'గుర్రం', ఉండే ఇనుప పలక ఊడిపోయింది.

"జల్ది బిగియ్యి రామన్నా."

"అడివి పందులా?"

"రెండు కాళ్ల పంది. మా తమ్ముడు బీరిగాడు! నా గట్టు దున్ని ఫాంహౌసోళ్లకు సూపిస్తున్నడు. ఇంకోపారి కాలువెట్టనియ్యి, సెప్త!"

నీలమ్మ ఇవ్వబోయిన చాయ్ గ్లాసు వెనక్కి తీసుకుంది. రామచంద్రయ్య తుపాకిని ఎండకు పట్టి, "శాన సందున్నది" అన్నాడు.

ఆ పలక గొట్టానికి వెంట్రుక దూరకుండా ఆనాలి. గొట్టానికి దీపం మసి పూసి పలకను ఆనించి తీస్తే, మసి అంటిన చోట ఎత్తు, అంటని చోట సందు. ఎత్తును ఆకురాయితో రాసి మళ్లీ మసి. ఇతరులకు నాలుగు రోజుల పని, రామచంద్రయ్యకు నెల. ఈసారి రెండు నెలలైనా తెమలలేదు.

"అరే, సాఫ్ట్‌వేరోళ్లు ఇన్నొద్దులల్ల పది అంతస్తులు లేపిండ్రు గదనే!" అని హన్మంతు ఎగిరాడు.

"గా మేడలల్ల గూడ సందుంటది, పోయి సూడు."

మొగుడి పరువు పోతోందని నీలమ్మకు రోషం వచ్చింది. ఆయన చేవెళ్ల పోయిన పూట తానే మసి పూసి పలక ఆనించింది. తీసి చూస్తే పలక అంచు పొడుగునా నల్లగా అంటింది. ఎక్కడా సందు లేదు. పని ఎప్పుడో అయిపోయింది!

ఆయన రాగానే నిలదీసింది. "సందేదయ్యా?"

రామచంద్రయ్య తల దించుకున్నాడు. "పలక మంచిగనే కూసున్నది. గా హన్మంతు కోపం గూడ జర కూసోనియ్యి."

మర్నాడు హన్మంతు వచ్చాడు. రామచంద్రయ్య నోరు తెరిచేలోగా నీలమ్మే అందుకుంది: "సందున్నది హన్మంతన్నా! నా కండ్లతోని సూసిన. గింత!" అని బొటనవేలు చూపించింది.

"గంత లేదే," అని మొగుడు గొణిగాడు. పని మీద మాట పడితే ఆయన తట్టుకోలేడు.

మొక్కజొన్న కంకి పాలుపోసుకునే నాటికి నిజం పందులే దిగాయి. వాటికి గట్టు తెలియదు కదా, ఇద్దరి చేన్లూ తొక్కాయి. హన్మంతు బండి మీద వచ్చాడు. వెనక తమ్ముడు బీరయ్య.

"కావలి వంతులేసుకున్నం రామన్నా. ఉత్త సప్పుడుకు పేలుస్తం, బెదిరి పోతయి. గట్టుకు సర్వేయర్ను పిలిచినం. ఇంకా సందున్నదా?"

రామచంద్రయ్య లేచి తుపాకి తెచ్చి చేతిలో పెట్టాడు.

"నిన్నటిదాంక సందుండె గద!" అన్నాడు హన్మంతు.

"వాన వడ్డది గదా, తుపాకి కట్టె ఉబ్బి సందు కూడుకున్నది," అంది నీలమ్మ. హన్మంతు ఆమెను చూశాడు, తమ్ముణ్ణి చూశాడు, బండి తిప్పాడు.

ఆదివారం చెలకలు చూడటానికి బయలుదేరే అయ్యలారా, అమ్మలారా! బయానా ఇచ్చే ముందు గట్టుకు అవతలి మనిషిని కూడా పలకరించండి. ఇద్దరినీ నిలబెట్టి గట్టు కొలిపించండి. ఇంత నిదానంగా పనిచేసే కమ్మరి ప్రతి ఊళ్లోనూ దొరకడు.