సీటు వెనక చెయ్యి

వీధి చివర అద్దె సైకిళ్ల కొట్టు నడిపే ఆవిణ్ణి పిల్లలంతా సైకిలత్త అనేవారు. ఆవిడ రాకముందు పిల్లలు నాన్నల సైకిళ్లు ఎత్తుకొచ్చి, కడ్డీ కింద కాలు దూర్చి, మోకాళ్లు చెక్కుకుపోయేలా తొక్కేవారు. ఆ వీధికి పొట్టి సైకిళ్లు తెచ్చింది ఆవిడే. సెలవులిస్తే చాలు, తెల్లారేసరికి కొట్టు ముందు కీచులాట. "ఎర్రది నాది!" "నిన్నంతా నువ్వేగా తొక్కావు!" ఆవిడ కొంగు బొడ్లో దోపుకుని, సీటు వెనక పట్టుకుని, "చక్రం చూడకురా, దారి చూడు!" అని అరుస్తూ వెంట పరిగెత్తేది. ఇప్పుడు ఇంటింటా సొంత సైకిలుంది, వీధిలో ఆడే పిల్లలే లేరు. అయినా ఆవిడ పొద్దున్నే టైర్లకు గాలి కొట్టి, గుమ్మం వైపు చూస్తూ కునికిపాట్లు పడుతుంది.

మొన్న వేసవిలో, ఒకప్పుడు ఆవిడ దగ్గర నేర్చుకున్నవాడే కూతుర్ని వెంటబెట్టుకొచ్చాడు. "అత్త పట్టుకుంటే భయమే లేదమ్మా" అన్నాడు. ఆవిడ ముఖం చేటంతయింది. సీటు పట్టుకుని నాలుగడుగులు పరిగెత్తిందో లేదో, మోకాళ్లు మొరాయించాయి, చెయ్యి జారింది. పాప వెళ్లి గోడకు గుద్దుకుంది. మోచెయ్యి గీరుకుపోయింది.

"ఆ మామ్మ వద్దు నాన్నా" అని పాప తండ్రి మెడ కరుచుకుంది.

"రేపు రా తల్లీ, మెల్లగా నేర్పుతా."

"అలాగే అత్తా, వస్తాం" అన్నాడతను, ఆవిడ ముఖం చూడకుండా.

రారని ఆవిడకు ఆ గొంతులోనే తెలిసిపోయింది. వాళ్లు మలుపు తిరిగాక, పడిన సైకిలు లేపబోయి, లేపలేక, దాని పక్కనే నేలమీద చతికిలబడింది.