చెలకలో నల్లరేగడి

ఆ రోజుల్లో నాకు తెలియని మట్టి ఈ భూమ్మీద లేదనుకునేదాన్ని. వ్యవసాయ కాలేజీలో నేలల పాఠంలో క్లాసు ఫస్టు మరి (ఆ మార్కుల కాగితం లామినేషన్ చేయించి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకు తిరిగేదాన్నని చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది). లక్సెట్టిపేట దగ్గర కొత్త ఉద్యోగం. మా పెద్దసారు వచ్చి నా పని చూసి సరేనంటేనే ఒక ఊరు నా చేతికిస్తారు, లేకపోతే ఇంకో ఆరు నెలలు ఆఫీసులో ఫైళ్ళు సర్దుకుంటూ కూర్చోవడమే.

సారు వచ్చిన రోజు ఆయన్ను నేరుగా ఒక తాత చేనుకు తీసుకెళ్ళాను. చుట్టూ అన్నీ ఎర్రమట్టి చెలకలే, ఈ ఎకరం ముక్క మాత్రం నల్లగా నిగనిగలాడుతోంది. దీన్ని కనిపెట్టింది నేనేనని నా గర్వం. పైపైన కాస్త గీరి, మట్టిని పిడికిట్లో ముద్దచేసి అందుకున్నాను: "సార్, ఇది నల్లరేగడి. కింది రాయి ఎండకూ వానకూ పగిలి, అరిగి ఇట్లా కావడానికి వేల ఏళ్ళు పట్టి ఉంటుంది." తాత గట్టుమీద కూర్చుని శ్రద్ధగా విన్నాడు. ఆయన భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నా పాండిత్యానికి ముచ్చటపడుతోందనుకుని ఇంకో పది నిమిషాలు సాగదీశాను.

చివరికి ఆ అవ్వే ఉండబట్టలేక, "వేల ఏండ్లు ఏడివి బిడ్డా? గీ ఎండకాలం చెరువుల పూడిక తీస్తుంటే ట్రాక్టరు వెట్టి తోలిచ్చుకున్నం. ఇంక దున్ననే లే. జర కిందికి తవ్వి సూడు," అంది.

"ఊకోవే, సదువుకున్న పిల్ల, మంచిగ చెప్తుంది గద," అని తాత కసిరాడు.

సారు గట్టుమీదున్న గడ్డపార తీసి నా చేతికిచ్చారు. నాలుగు పోట్లు వేసేసరికి ఎర్రమట్టి, గులకరాళ్ళు బయటపడ్డాయి. ఆరు నెలల ఫైళ్ళు కళ్ళముందు కదిలాయి. ఏడుపొచ్చింది, నిజంగానే.

"రిపోర్టులో ఏం రాస్తావమ్మా?" అన్నారు సారు.

ముక్కు తుడుచుకుని, నేల రకం గడిలో 'ఎర్ర చెలక, పైన బెత్తెడు చెరువు మట్టి' అని రాశాను. 'నేల ఏర్పడిన విధానం' దగ్గర కాసేపు ఆగి, 'తాతా అవ్వా ఒక ఎండాకాలమంతా తోలగా' అని రాసేశాను. సారు చదివి, నవ్వు ఆపుకోలేక దగ్గి, దాని కిందే సంతకం పెట్టారు. ఊరు నాదైంది.

ఇప్పుడు నేనే పెద్దమేడమ్‌ని. గడులన్నీ పద్ధతిగా నింపిన రిపోర్టులు రోజూ వస్తాయి, నేనూ పద్ధతిగానే రాస్తాను. ముక్కు తుడుచుకుంటూ ఉన్నదున్నట్టు రాసేసిన ఆ పిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది, కొంచెం కుళ్ళుగా కూడా ఉంటుంది.