మూడోసారి అనేలోపే

కూరగాయల మార్కెట్లో వేలం వేసే మా బాబాయిని అందరూ 'మైకు' అంటారు. మైకు లేకుండానే ఆయన గొంతు గేటు దాటి వినిపించేది. ఆయన మూడోసారి అన్నాడంటే సరుకు చెయ్యి మారిపోయినట్టే.

అలాంటి గొంతు బొంగురుపోయింది. వారాలు గడిచినా తగ్గలేదు. డాక్టర్ దగ్గరికి వెళ్దామంటే, "అరిచి బతికేవాడి గొంతు బొంగురుపోక కోకిలలా కూస్తుందా?" అని కసిరాడు. చివరికి పిన్ని రెక్క పట్టుకుని లాక్కెళ్లింది. తోడుగా నేనూ వెళ్లాను.

డాక్టరమ్మ ముక్కులోంచి సన్నటి కెమెరా గొట్టం పంపింది. మామూలు వెలుతురులో గొంతు కాస్త ఎర్రగా ఉంది, అంతే. నీలి వెలుతురుకి మార్చగానే ఆవగింజంత మేర గోధుమరంగు చుక్కలు తేలాయి.

"పాత పరికరాలతో ఇంత చిన్నది కంటపడటం కష్టమయ్యేదండీ," అందామె.

ముక్క తీసి పరీక్షిస్తే క్యాన్సరే. కానీ మొదటి దశ. లేజర్‌తో తీసేశారు.

ఇప్పుడు బాబాయి గొంతు గేటు దాటదు గానీ, వేలం ఆగలేదు. మార్కెట్లో ఎవరి గొంతు బొంగురుగా వినిపించినా, డాక్టర్‌కి చూపించుకోమని మీద పడిపోతాడు.

"పైవాడు నన్నే వేలానికి పెట్టాడ్రా! ఒకటోసారి అన్నాడు, రెండోసారి అన్నాడు. మూడోసారి అనేలోపే మా ఆవిడ చెయ్యెత్తింది."