గూళ్ళు ఖాళీ అయ్యేదాకా

మా ఎదురింటి నర్సమ్మ గారు మొన్న ఆదివారం తెల్లవారుజామున బందరులోని తన ఇంట్లో, నిద్రలోనే పోయారు. ఆరు గంటలకు పాలు తెచ్చినావిడ తలుపు కొట్టి, పలక్కపోయేసరికి నన్ను పిలిచింది. గుడివాడ నుంచి ఆమె తమ్ముడు గారు వచ్చారు. ఆ సాయంత్రమే సమాధి చేశాం. ఆమె పెరట్లోని చింతచెట్టు మీద ఇప్పుడు కొంగల గూళ్ళున్నాయి, గూళ్ళలో ఎగరడం రాని పిల్లలున్నాయి. ఆమె గురించి రాయాలంటే వాటి గురించీ రాయక తప్పదు.

ఆమె ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు. పెళ్ళి చేసుకోలేదు. ఏటా వానలు పడి, పెడన వైపు పొలాల్లో నాట్లు మొదలవగానే ఆ చెట్టు మీదికి తెల్ల కొంగలు, నీటికాకులు, రాత్రి కొంగలు వచ్చి చేరేవి. అప్పట్నుంచి దీపావళి దాకా నర్సమ్మ గారు తన పెరట్లోకి తానే గొడుగు వేసుకుని వెళ్ళేవారు. వాన లేకపోయినా, ఎండ లేకపోయినా గొడుగే. ఉతికిన బట్టలు వీధి వరండాలో ఆరేసుకునేవారు. సగం తిన్న చేపలు కింద పడి కుళ్ళేవి. ఆ వాసన మా ఇంట్లోకీ వచ్చేది. రాలేదని రాస్తే అబద్ధమవుతుంది.

ఆమె పక్కింటాయన కారు చెట్టు నీడలోనే ఉండేది. ఒకరోజు పొద్దున్నే గోడ మీదుగా కేకేశాడు.

"నర్సమ్మ గారూ, మీ చుట్టాలు రాత్రి మా కారుకి సున్నం కొట్టేశారండీ!"

"కూలీ అడగలేదుగా బాబూ. నువ్వు పిలిస్తే ఏ మేస్త్రీ అయినా ఇంత పొద్దున్నే వస్తాడా?"

ఆయన నవ్వాడు. తర్వాత బకెట్ నీళ్ళు తెచ్చి కడిగింది మాత్రం నర్సమ్మ గారే.

సాయంత్రం అరుగు మీద కుర్చీ వేసుకుని కూర్చునేవారు. తెల్ల కొంగలు పొలాల నుంచి తిరిగొచ్చే వేళకి, పగలంతా కునికిన రాత్రి కొంగలు వేటకి లేచేవి. "అదిగో నైట్ డ్యూటీ వాళ్ళు. చార్జి తీసుకోకుండానే పోతున్నారు చూడు" అనేవారు. గాలికి గూటిలోంచి పిల్ల జారిపడితే పాత గుడ్డలో పట్టి బాత్రూమ్ కప్పు మీద పెట్టేవారు. మంగినపూడి నుంచి చేపలు తెచ్చే ఆమె దగ్గర చిన్న చేపలు తీసుకుని నోటికి అందించేవారు. చాలావరకు బతికేవి కావు. ఎందుకమ్మా ఈ అవస్థ అని అడిగాను. "బతికేదానికి తిండి పెట్టాలి. పోయేదాని దగ్గర కాసేపు కూర్చోవాలి. వార్డులో నేను చేసింది ఇంతేగా" అన్నారు.

ఈ పక్షుల ధ్యాస ఎప్పుడు మొదలైందో ఒక్కసారే చెప్పారు. ఉప్పెన తర్వాత కొత్త నర్సుగా ఆమెను దివిసీమలో ఒక క్యాంపుకి పంపారు. అక్కడ తెల్లవారితే ఒక్క పిట్ట అరుపు వినబడేది కాదట. కొన్నాళ్ళకు ఒక కొంగ వచ్చి బురదలో నిలబడితే, క్యాంపులో మాటా పలుకూ లేకుండా పడున్న మనుషులు కూడా లేచొచ్చి దాన్ని చూశారట. "ఆ రోజు అందరూ అన్నం తిన్నారయ్యా" అన్నారు. అంతకుమించి చెప్పలేదు.

పేపర్లో రాస్తానని అడిగితే ఒప్పుకోలేదు. "రాస్తే జనం వస్తారు. జనం వస్తే ఒకడైనా చెట్టెక్కుతాడు." ఆమె ఉన్నన్నాళ్ళూ రాయలేదు.

చెట్టు మీద చెయ్యి వేయనివ్వని మనిషి కాదు ఆమె. కరెంటు తీగల మీదికొచ్చిన కొమ్మల్ని ఏటా కొట్టించేవారు. కాకపోతే గూళ్ళు ఖాళీ అయ్యాక. లైన్‌మెన్ ముందే వస్తే టీ ఇచ్చి, "దీపావళి వెళ్ళాక రా నాయనా, నేనే ఫోన్ చేస్తా" అని పంపేసేవారు. వాళ్ళు అలాగే వచ్చేవారు.

ఇప్పుడు సంగతికి వస్తాను. నర్సమ్మ గారి ఆదరణ కూడిక ఈ శనివారం. పోయినవారి ఇంట్లోనే బంధువుల్ని, చర్చి సంఘాన్ని పిలిచి ప్రార్థన చేసి, భోజనం పెట్టడం ఆచారం. ఇల్లు చిన్నది. షామియానా వేయాలంటే పెరట్లోనే, చెట్టు కిందే వేయాలి. అందుకని తమ్ముడు గారు కొమ్మలన్నీ నరికించడానికి చెట్టు కొట్టేవాళ్ళను మాట్లాడారు. నేను వెళ్ళి, కూడిక చర్చి హాల్లో పెట్టుకోవచ్చు కదా అన్నాను.

"అందరూ తెల్లబట్టల్లో వస్తారండీ. ఆ రెట్టల కింద కూర్చోబెట్టమంటారా?"

"అందుకేనండీ హాలు అంటున్నాను."

"ఆవిడ్ని ఎప్పుడూ పట్టించుకోని తమ్ముడు, చివరికి ఇంటి గుమ్మం కూడా తెరవలేదంటారు. ఇప్పటికే అంటున్నారు. మీరు పిట్టల గురించి మాట్లాడుతున్నారు. నేను మా అక్క గురించి మాట్లాడుతున్నానండీ."

ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. ఆ మాటలో అబద్ధం లేదు. అక్క పేరు నిలబెట్టాలనే ఆయన తాపత్రయం. ఆ చెట్టు విషయంలో అక్క ఏం చేసేదో ఆయనకు తెలియదు. క్రిస్మస్ పండక్కి వచ్చి వెళ్ళే మనిషి, గూళ్ళ కాలంలో ఎప్పుడూ ఇక్కడ లేడు. చెప్పాను. "వచ్చే ఏడు మళ్ళీ చిగురేస్తుందిలెండి" అన్నాడు. చెట్టు చిగురేస్తుంది, నిజమే.

గూళ్ళున్న చెట్టు కొట్టకూడదని ఫిర్యాదు చేయవచ్చు. ఎవరికి చేయాలో నాకు తెలుసు. చావు జరిగిన ఇంటికి, అదీ ఆమె ఇంటికి, అధికారుల్ని పంపడానికి ఇంతవరకూ చెయ్యి రాలేదు. పాస్టరు గారిని కలిశాను. హాలు ఖాళీగానే ఉందన్నారు. "కానీ కుటుంబం అడగాలి కదండీ. నేనే వద్దంటే ఇంకో రకంగా తీసుకుంటారు. ఒకసారి మాట కదిపి చూస్తాను."

నిన్న సాయంత్రం ఆటోలో ప్లాస్టిక్ కుర్చీలు వచ్చాయి. వాటిని చెట్టు కింద దొంతర్లుగా పేర్చి వెళ్ళారు. పైన తల్లికొంగ వాలగానే గూట్లో మెడలన్నీ ఒక్కసారి లేచి దాని ముక్కు పట్టుకున్నాయి. చీకటి పడేలోపు పై కుర్చీల మీద తెల్లటి మచ్చలు పడ్డాయి.

గురువారం సాయంత్రం పాస్టరు గారు ప్రార్థనకు వచ్చి తమ్ముడు గారితో మాట్లాడతారు. చెట్టు కొట్టేవాళ్ళు శుక్రవారం ఉదయం ఏడు గంటలకు వస్తారు.